మామగారి చెప్పులు

“అమ్మా, మీరు ఊఁ అంటే ఇయ్యాల్టితో కేసు మూసేస్తం,” అన్నాడు ఎస్సై రవీందర్.

సువార్తమ్మ ఊఁ అనలేదు. వంటగదిలో టీ మరుగుతోంది. హాల్లో ఆదరణ కూడిక ముగిసింది. ప్రాణం తనే తీసుకున్న పిల్ల ఇంట్లో ఏ వాక్యం చదవాలో తోచక పాస్టరుగారు బైబిలు పేజీలు అటూ ఇటూ తిప్పారు. సంఘం వాళ్ళు వెళ్తూ ఒక్కరూ ఆమె మొహంలోకి చూడలేదు.

నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంట్ డాబా మీంచి ఆమె కూతురు ఎవాంజెలిన్ పడిపోయి వారమైంది.

“పిట్టగోడ దగ్గర చెప్పులు నీటుగ ఇడిచిపెట్టింది. దుంకేటోళ్ళు అట్లనే చేస్తరు,” అన్నాడు రవీందర్.

“మా పిల్ల జన్మలో చెప్పులు సర్ది విడవలేదండి. ఒకటి గుమ్మంలో ఉంటే ఇంకొకటి సోఫా కింద ఉండేది.”

“అది కోర్టుల నిలవదమ్మా.”

“తెలుసండి. అందుకే మిమ్మల్ని వంటగదిలోకి పిలిచాను.” ఆమె గొంతు తగ్గించింది. “ఆ సాయంత్రం నేను లింగంపల్లిలో ప్రార్థనలో ఉంటే ఫోన్ చేసింది. ‘అమ్మా, వసంతను చంపిందెవరో తెలిసిపోయింది. ముందు ఒకరికి డాబా మీద చెప్పాలి, ఈసారి నా పేరుతోనే బయటికి రావాలి’ అంది. ఎవరికో చెప్పలేదు. కానీ ఏం కనిపెట్టిందో మాత్రం చెప్పింది.”

“వసంత ఎవరు?”

“సీరియల్లో పిల్లండి.”

రవీందర్ విసుగ్గా నుదురు రుద్దుకున్నాడు.

“హాల్లో ఉన్న ముగ్గురూ దాని సీరియల్ స్నేహితులు. ఆ రోజు దాన్ని చూడనేలేదని, ఫోన్లో కూడా మాట్లాడలేదని ముగ్గురూ మీకు చెప్పారు. మరి అది కనిపెట్టిన సంగతి వాళ్ళలో ఎవరికైనా తెలిస్తే, చెప్పిందెప్పుడు? మీరిక్కడే ఉండి కాస్త వినండి.”

అతను వాచీ చూసుకున్నాడు. తర్వాత తలుపు పక్కకి జరిగి నిలబడ్డాడు.

హాల్లో ఎవాంజెలిన్ ఫొటో ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. బయట ముసురు. రేఖ, వేణు, ఉదయ్ భాస్కర్ సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. ముగ్గురూ ఇదే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, ముగ్గురివీ ఐటీ ఉద్యోగాలే. వాళ్ళని కలిపింది మాత్రం ‘వసంత నివాస్’ అనే సీరియల్. పెద్దకోడలు వసంతను డాబా మీంచి తోసిందెవరో చెప్పకుండానే, రేటింగ్ లేదని ఛానెల్ దాన్ని హఠాత్తుగా ఆపేసింది. అప్పట్నుంచీ వాళ్ళ వాదన ఆగలేదు.

సువార్తమ్మ టీ కప్పులు పెట్టింది. “వసంతను ఎవరు చంపారు బాబూ?”

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. సువార్తమ్మ సీరియల్స్ చూడదని అందరికీ తెలుసు.

“ఆంటీ, ఇప్పుడెందుకు అవన్నీ?” అంది రేఖ.

“దానికి ఇష్టమైన మాటలు ఈ ఇంట్లో ఒక్కసారి వినాలనుంది, చెప్పండమ్మా.”

వేణు గొంతు సవరించుకున్నాడు. “మాకో రూలుంది ఆంటీ, ఎవా పెట్టిందే. ముందు ఆధారం, చివర్లో పేరు. నా ఆధారం కళ్ళు. వసంత పడిపోగానే కెమెరా ఒకావిడ మొహం మీదికి మూడుసార్లు వెళ్ళింది. అత్తగారు!”

“కాఫీ ఒలికినా మూడుసార్లే పోతది కెమెరా,” అంది రేఖ. “మరిదే చంపిండు. అందుకే యాక్టర్‌ని మార్చేసిండ్రు.”

“డేట్లు కుదరక మార్చారు తల్లీ! కొత్తవాడికి పాతవాడి పాపం కూడా అంటగడతావా?”

రేఖ నవ్వబోయి ఫొటో వైపు చూసి ఆగిపోయింది. ఎవాంజెలిన్ ఉంటే ఇద్దరినీ ఒక్క మాటతో నోరు మూయించేది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. సీరియల్లో తప్పులు పట్టడం ఆమె సరదా.

ఉదయ్ భాస్కర్ ఫోన్ చూసుకుంటున్నాడు. అతనికి సీరియల్స్ మీద యూట్యూబ్ ఛానెల్ ఉంది.

“నువ్వేమీ అనవేం బాబూ? లక్షమంది నీ మాట వింటారట కదా,” అంది సువార్తమ్మ.

“ఆయన మాటేముంది ఆంటీ,” రేఖ అందుకుంది. “ఆ వీడియోలల్ల సగం మా ఎవా చెప్పినవే. గిప్పుడు ఆమె లేదు, ఛానెల్ బంద్ చేసుకోవాల్సిందే.”

ఉదయ్ భాస్కర్ మొహం ఎర్రబడింది. “ఏం మాట్లాడుతున్నావ్ రేఖా? నాకు సొంత బుర్ర లేదా?”

“ఉంటే ఒక్కటి చెప్పు. ఆమె చెప్పనిది.”

అతను ఫోన్ పక్కన పెట్టాడు. ముందుకు వంగాడు. వీడియోల్లో మాట్లాడే గొంతు వచ్చేసింది.

“విను. మామగారికి పక్షవాతం. మొదటి ఎపిసోడ్ నుంచీ మంచం దిగలేదు. అయినా ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. సీమంతం ఎపిసోడ్‌లో, వసంత చనిపోయిన మర్నాడు చూడండి. ఆ చెప్పుల నిండా ఎర్రమట్టి! మంచం దిగని మనిషి చెప్పులకి మట్టెక్కడిది? ఆయన నడవగలడు. డాబా ఎక్కింది ఆయనే. వచ్చే వారం వీడియోలో పెడుతున్నా.”

వేణు ఈల వేయబోయి ఆగాడు. “అబ్బ! అదిరిందిరా.”

రేఖ మాత్రం తల అడ్డంగా ఊపింది. “మట్టి చెప్పులు నాకూ గుర్తున్నయి. కానీ సీమంతం ఎపిసోడ్ కాదన్నా. అప్పటికి వసంత బతికే ఉంది. అది వ్రతం ఎపిసోడ్. వాన పడ్డది అప్పుడే.”

“సీమంతమే.”

“కాదు. పెట్టి చూపియ్యనా?”

“అక్కర్లేదమ్మా,” అంది సువార్తమ్మ. “నేను చూశాను.”

ఆమె ఫొటో పక్కన నిలబడి ఉంది.

“దాన్ని మట్టి చేసి వచ్చిన రాత్రి నుంచి ఆ సీరియల్ ముందే కూర్చున్నాను. చెప్పులున్నది వ్రతం ఎపిసోడ్‌లోనే. కానీ ఎవా ఆ సాయంత్రం ఫోన్‌లో ‘సీమంతం ఎపిసోడ్’ అంది. తొందరలో పొరబడింది. తప్పులు పట్టే పిల్ల చేసిన తప్పు.”

ఉదయ్ భాస్కర్ కప్పు కింద పెట్టాడు. టీ సాసర్‌లోకి ఒలికింది.

“చెప్పుల సంగతి ఎవరైనా కనిపెట్టొచ్చు బాబూ. కానీ నా కూతురి పొరపాటు నీ నోట్లోకి ఎలా వచ్చింది? నువ్వు చూసి చెప్పలేదు. విని చెప్పావు. ఆ రోజు దాన్ని చూడనేలేదు, మాట్లాడనేలేదన్నావుగా, మరి ఎక్కడ విన్నావు?”

“ఆంటీ... అది సీరియల్. మీరేదో...”

“ఈసారి తన పేరుతోనే రావాలని అడిగి ఉంటుంది. నీకు నచ్చలేదు. తోసేశాక అక్కడ పడున్న చెప్పులు సర్ది పెట్టావు, సీరియల్స్‌లో దూకేవాళ్ళు విడిచినట్టు. దాని చెప్పులు ఎప్పుడూ ఎలా ఉండేవో నీకు తెలీదు బాబూ.”

రేఖ సోఫాలోంచి లేచి దూరంగా జరిగింది. వేణు కదల్లేకపోయాడు. ఉదయ్ భాస్కర్ గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. వంటగదిలోంచి వచ్చిన రవీందర్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

“ఇగ చెప్పండమ్మా,” అన్నాడు రవీందర్, మొదటిసారి మెల్లగా. “మీ బిడ్డను సంపిందెవరు?”

సువార్తమ్మ కూతురి ఫొటో వైపు చూసింది. ఆధారం అయిపోయింది. పేరు ఒక్కటే మిగిలింది.

“ఉదయ్ భాస్కర్,” అంది.