హిల్యా చెవి

చిన్న పేగును చివరికంటా కడిగి, నీళ్ళు పిండి, పొడవాటి రేకు బల్లమీద మెలికలుగా పరుస్తోంది హిల్యా. మధ్యాహ్నం క్లాసులో పిల్లలు దాన్ని చాచి టేపుతో కొలవాలి. బతికున్న మనిషిలో బిగువుగా ఉండే పేగు ప్రాణం పోయాక సడలి ఆరేడు మీటర్లకు సాగుతుంది. ఆ సంగతి తెలియక, పుస్తకంలో అంకె తప్పని ప్రతి ఏడూ ఎవడో ఒకడు వాదనకు దిగుతాడు. హిల్యా నోరు విప్పదు. ఉత్తరాన చలిదేశంలోని తుర్కు ఊళ్ళో వైద్యవిద్యార్థులు చదువుకునే ఆ భవనం నేలమాళిగలో ఇరవై ఆరేళ్ళుగా ఆమెది చేతుల పని.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. శవభాగాలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లబడి పగుళ్ళు తేలాయి. ఊళ్ళో పేరున్న డాక్టర్లలో సగం మంది మూత్రపిండం లోపల ఎలా ఉంటుందో మొదటిసారి చూసింది ఆమె కోసిన ముక్కలోనే. వీధిలో ఎదురుపడితే ఒక్కడూ గుర్తుపట్టడు. ఆమె కూడా అదేమీ మనసులో పెట్టుకోదు.

పేగు పక్కన పెట్టి మూత్రపిండాలు ముందుకు లాక్కుంది. నిలువునా ఒకే కోత పడాలి. లోపలి గరాటులాంటి గది సరిగ్గా రెండుగా విడిపోవాలి. అప్పుడు అందులోంచి మూత్రనాళంలోకి నీలం దారం ఎక్కిస్తే, నీరు మూత్రాశయానికి దిగే దారి పిల్లలకు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఇవాళ కత్తి పక్కకు పోయింది. రెండోది తీసుకుంటే అదీ అంతే. తన చేతులకేసి చూసుకుని చిరాకు పడింది.

పొద్దుటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఎందుకో తనకే తెలియదు. నిజానికి ఇవాళ మనసు తేలిగ్గా ఉండాలి.

మూలన గాజుగొట్టానికి పంది ఊపిరితిత్తులు వేలాడుతున్నాయి. సోమవారం నుంచి పంపు వాటిలోకి గాలి కొడుతోంది. శుక్రవారానికి కాగితంలా ఆరి, ఉబ్బిన రూపంలోనే నిలిచిపోతాయి. గంటకోసారి చెవి ఆనించి వినాలి. ఎక్కడైనా సన్నగా 'సీ' మంటే అక్కడ చిల్లి ఉన్నట్టు. దారంతో కట్టి, జిగురు రాసి, మళ్ళీ వినాలి. చప్పుడు ఆగితే పని కుదిరినట్టే. సూదిమొన అంత చిల్లిని కూడా ఆమె చెవి పట్టేస్తుంది. హిల్యాకు జీవితంలో గర్వమంటూ ఉంటే ఆ ఒక్క చెవి గురించే.

ఆ చెవికి ఇంట్లో మాత్రం విశ్రాంతి లేదు. తమ్ముడు ఓయివా ఇరవై రెండేళ్ళు పిండిమిల్లులో పనిచేసి, ఆ దుమ్మంతా ఛాతీలోకి ఎక్కించుకుని ఇంటికొచ్చాడు. పెళ్ళి ఇద్దరికీ కుదరలేదు. చెక్క ఇంటి పై అంతస్తు రెండు గదుల్లో అక్కా తమ్ముడూ ఒకరినొకరు దెప్పుకుంటూ కాలం గడుపుతున్నారు. చలికాలం వస్తే అతని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అయినా నోరు ఊరుకోదు. "చచ్చిన పంది ఊపిరితిత్తులకి గాలి కొట్టి జీతం తీసుకుంటావు, బతికున్న తమ్ముడికి కిటికీ తెరవడానికి బద్ధకం," అంటాడు. కాఫీ నీళ్ళలా ఉందని రోజూ అంటాడు. అనేసి రెండు కప్పులు తాగుతాడు.

ఈసారి రెండు రాత్రులు ఆ కూతలు ఆగనే లేదు. హిల్యాకు కంటిమీద కునుకు లేదు. ఇవాళ పొద్దున ఆరున్నరకు వంటగదిలోకి వెళ్తే, ఓయివా బల్లమీద మోచేతులు ఆనించి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చప్పుడు లేదు. అలవాటుగా వీపుకి చెవి ఆనించి వింది. ఎక్కడా సన్నటి కూత కూడా లేదు. హమ్మయ్య అనుకుంది. దుప్పటి కప్పి, కాఫీ పక్కన పెట్టి, "నయమేనా?" అని అడిగితే తల ఊపాడు. పడుకోనీలే అని ట్రామ్ ఎక్కేసింది.

ఇవాళ ఓయివా కాఫీని ఏమీ అనలేదు. మూడో మూత్రపిండం కోస్తుండగా అది గుర్తొచ్చింది. కోత మళ్ళీ పక్కకు పోయింది. నిద్రమత్తులో ఉన్నాడులే అని సర్దిచెప్పుకుంది గానీ మనసు మనసులో లేదు. కాఫీ వేళకు పైకి వెళ్ళి, కప్పు నింపుకుని, తాగకుండానే దిగొచ్చింది.

ఒంటిగంటకు పళ్ళెం పట్టుకుని క్లాసులోకి వెళ్ళింది. ప్రొఫెసర్ లిండ్‌క్విస్త్ పాఠం చివర్లో ఉన్నాడు. పొడుగు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. హిల్యా పక్కబల్లమీద మూత్రపిండాలు వరసగా పేరుస్తూ, ఎప్పటిలా సగం వింటోంది. ఉబ్బసంలో సన్న గాలిగొట్టాలు బిగుసుకుపోయి, మిగిలిన సందులోంచి గాలి దూరేటప్పుడు కూత పుడుతుందని చెప్పాడు. తర్వాత సుద్దముక్క కింద పెట్టాడు.

"పిల్లికూతలు వినబడుతున్నంతసేపూ గాలి ఆడుతోందన్నమాట. మనిషి ఆయాసపడుతూ ఆయాసపడుతూ ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయాడనుకోండి, మాట తగ్గించి మగతగా కూర్చున్నాడనుకోండి, నయమైందని మురిసిపోకండి. కూత పుట్టడానికి కూడా లోపల గాలి కదలట్లేదని అర్థం. వెంటనే ఆసుపత్రికి చేర్చండి."

హిల్యా చేతిలో మూత్రపిండం అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"ప్రొఫెసర్ గారూ, అలా అయ్యాక ఎంత టైముంటుందండీ?"

పిల్లలంతా వెనక్కి తిరిగారు. ఆయనకు ముందు అర్థం కాలేదు. "ఎవరికి హిల్యా గారూ?"

"మా తమ్ముడికి. పొద్దున ఆరున్నరకి."

ఆయన గోడ గడియారం చూశాడు. "ఫోన్ నా గదిలో ఉంది, రండి," అని ముందు నడిచాడు.

అంబులెన్సుకు ఆయనే ఫోన్ చేశాడు. హిల్యా కింది అంతస్తులోని వేహ్మస్ గారికి చేసింది. ఆ వీధిలో ఫోన్ ఉన్నది ఆ ముసలావిడ ఇంట్లోనే. పైకి వెళ్ళి చూడమని చెప్పి, కోటు సగం తొడుక్కుని పరుగెత్తింది. కారు తెప్పిస్తానని ప్రొఫెసర్ అంటున్నా ఆగలేదు.

ట్రామ్‌లో ఖాళీ సీట్లున్నా కూర్చోలేదు. ఆప్రాన్ ఇంకా ఒంటిమీదే ఉంది. ఆ వాసనకు పక్కనున్నావిడ ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. ప్రతి స్టాపు దగ్గరా ఆగుతుంటే హిల్యా డ్రైవరు వీపుకేసి చూస్తూ కడ్డీ పిసికింది. నది దాటేసరికి తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది. పందుల దగ్గర నేర్చుకున్న చెవితో తమ్ముణ్ణి విన్నాను. చిల్లి పూడితే చప్పుడు ఆగుతుందని తెలిసిన నాకు, గాలే లేకపోయినా ఆగుతుందని ఎందుకు తట్టలేదు? ఎంత తిట్టుకున్నా ట్రామ్ నడక మారలేదు.

పెరట్లో అంబులెన్సు ఆగి ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి. ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌ను బయటి మెట్లమీదుగా దింపుతున్నారు. వాళ్ళకు తొందర లేదు.

వేహ్మస్ గారు మెట్ల కింద నిలబడి ఉంది. "తలుపు దగ్గర గోడకానుకుని కూర్చున్నాడమ్మా. నా దగ్గరికి రావాలనుకున్నాడేమో. నేను ఇంట్లోనే ఉన్నాను తల్లీ, ఒక్క కేక వినబడలేదు."

"నయమైందనుకుని వెళ్ళిపోయాను," అంది హిల్యా. ఆ మాటే మళ్ళీ అంది.

స్ట్రెచర్ మోస్తున్నవాళ్ళు ఒక నిమిషం ఆగారు. కప్పిన దుప్పటి అంచు కింద నుంచి తమ్ముడి చెయ్యి పట్టుకుంటే ఇంకా పూర్తిగా చల్లబడలేదు. దుప్పటి పాదాల దాకా రాలేదు. ఎడమ కాలికి బూటు ఉంది, లేసు కట్టలేదు. కుడి కాలికి ఉన్ని మేజోడు మాత్రమే ఉంది. చలికాలంలో ఓయివా వంగితే ఊపిరి అందదు. పగలు కిందికి దిగాల్సొస్తే ఉండాలని హిల్యా రోజూ పనికి వెళ్ళేముందు మోకాళ్ళమీద కూర్చుని, తిట్టుకుంటూనే అతనికి బూట్లు తొడిగి లేసులు కట్టి వెళ్ళేది. ఇవాళ నిద్ర చెడగొట్టడం ఎందుకులే అని మానేసింది.

బండి వెళ్ళిపోయాక పైకెక్కింది. తలుపు దగ్గర బెంచీ కింద రెండో బూటు ఉంది. వంగకుండా కాలు దూర్చడానికి వీలుగా బూటు నాలుక ముందుకు లాగి, లేసు అడుగు కన్నం దాకా వదులు చేసి ఉంది.