ఒకే పేగు, ఇద్దరు డాక్టర్లు

కోళ్ల జబ్బుల ల్యాబ్‌లో పక్కపక్క గదుల్లో పనిచేసే ఆ భార్యాభర్తలకు ఇంట్లో దేనికీ పేచీ రాదు. ల్యాబ్‌లో మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆయనది పరాన్నజీవుల విభాగం, ఆవిడది బ్యాక్టీరియా విభాగం. ఏ కోడి చచ్చినా, చంపింది తమవాళ్లేనని ఇద్దరూ పోటీ పడతారు.

ఒక ఉదయం కోళ్లఫారం నడిపే పెద్దావిడ, చచ్చిన కోడిని సంచిలో వేసుకొచ్చి ఆ రెండు గదుల మధ్య నిలబడింది.

"విరేచనాలమ్మా! నువ్విచ్చిన మందుకి తగ్గాయి. ఆపగానే మళ్లీ మొదలు."

"ఈ బ్యాక్టీరియా మొండిది," అంది డాక్టరమ్మ.

పక్కగదిలోంచి భర్త తల బయటపెట్టాడు. "అసలు దొంగ అది కాదని డాక్టరు గారికి చెప్పండి పెద్దమ్మా."

"నాకు చెవులున్నాయని డాక్టరు గారికి చెప్పండి పెద్దమ్మా."

పెద్దావిడకు ఒళ్లు మండింది. "మీ కాపురం ఇంటికెళ్లి చక్కబెట్టుకోండి. ముందు నా కోడి సంగతి చూడండి!"

ఇద్దరూ నాలుక్కరుచుకుని ఒకే బల్ల దగ్గర నిలబడి కోడిని కోశారు. పేగులో కొంతమేర ఎర్రగా కమిలి ఉంది. ఆయన అక్కడ కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెట్టి, "కాక్సిడియా! మా పరాన్నజీవులే, కిటకిటలాడుతున్నాయి!" అని గెంతాడు. ఆవిడ కమిలిన చోటినుంచి కొంచెం, బాగున్న చోటినుంచి కొంచెం తీసి రెండు గాజుపళ్లేల్లో విడివిడిగా పెంచింది. మర్నాటికి మొదటి పళ్లెం నిండా బ్యాక్టీరియా. రెండోదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి.

రెండు పళ్లేలూ పట్టుకుని తనే భర్త గదిలోకి వెళ్లింది.

"మీవాళ్లు పేగుగోడ చీల్చిపెట్టారు. అక్కడ జిగురూ రక్తమూ కారుతుంటే మావాళ్లకి విందుభోజనం! నేను తరిమేసిన కొద్దీ మీవాళ్లు పిలిచి కూర్చోబెడుతున్నారు."

"అంటే నేనే..."

"గెలిచానని మాత్రం అనకండి."

ఆయన పకపకా నవ్వేశాడు.

ఇద్దరూ కలిసి ఫారానికి వెళ్లారు. ఆయన కాక్సిడియాకు మందు రాశాడు. అవి తడిలోనే పెరుగుతాయని, కారుతున్న నీళ్లగొట్టం బాగుచేయించి, కోళ్ల కింద తడిసి ముద్దయిన ఊకపొట్టంతా ఆవిడ తీయించింది. కొన్నాళ్లకు కోళ్లు తేరుకుని దాణా మీద ఎగబడ్డాయి. విరేచనాలు మళ్లీ రాలేదు.

పెద్దావిడ ఆనందం పట్టలేక, "ఇంతకీ ఆ జబ్బు ఎవరిదమ్మా?" అని అడిగింది.

"మా ఇద్దరిదీ!" అన్నారు దంపతులు గర్వంగా.

పెద్దావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఓ అడుగు వెనక్కి వేసింది.