షావలి వైపు బోరు

తట్టలో తౌడూ చెనక్కాయ చెక్కా కలిపి ఎర్రిస్వామి కుంటలో చల్లాడు. మేత నీళ్లమీదే తేలుతూ ఉండిపోయింది. ఒక్క చేపా పైకి రాలేదు. మడకశిర పల్లెలకు చలి కొత్తేమీ కాదు గానీ ఈ ఏటి చలి మరీ ఎముకల్లో దిగి కూర్చుంది. పంచె ఎగ్గట్టి మోకాళ్ల లోతుకు దిగి చూస్తే రూప్‌చంద్ చేపలు పక్కకు ఒరిగి, నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. చెనక్కాయ పంట ఎట్లాగూ ఎండిపోయింది. ఇక ఈ ఏటికి ఆధారం ఈ చేపలే.

కట్ట అవతల షావలి కుంట. అందులో బొచ్చెలు, చలికి చలించని మొండి జాతి. పైగా బోరూ అటే ఉంది. ఒకప్పుడు ఇద్దరూ కలిసి తవ్వించిన కుంటే ఇది. మాటామాటా పెరిగి నడుమ కట్ట వేసుకున్నప్పుడు చీట్లు వేస్తే బోరు షావలికి పడింది. మోసమేం లేదు. అయినా అటు మోటరు చప్పుడైతే చాలు, ఎర్రిస్వామికి కడుపు మండిపోయేది. షావలి చేప బరువు తూగినా మంటే, షావలి నవ్వినా మంటే. వయసులో మంగళూరు రేవులో పనిచేసి సముద్రం చూసొచ్చాడని కూడా మంటే! తానేమో సముద్రాన్ని క్యాలెండరు బొమ్మలో తప్ప చూసినవాడు కాదాయె.

ఆ మంటతోనే ఈసారి రూప్‌చంద్ పిల్లల్ని వదిలాడు. తొందరగా పెరుగుతాయి, షావలికంటే ముందే సంతకు చేర్చొచ్చని. "వద్దన్నా, అవి చలికి తట్టుకోవు" అని షావలి చెప్పనే చెప్పాడు. ఓర్వలేక అంటున్నాడనుకున్నాడీయన. పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చనే గదా!

ఎండ కాస్త ఎక్కాక షావలి ఎడమ చెయ్యి రుద్దుకుంటూ కట్టెక్కాడు.

"ఏమన్నా, చేప ఒరిగిపోతాండాదే?"

"నీకెందుకప్పా?"

"సముద్రంలో ఇట్లా చలి పడితే చేప లోతుకు దిగుతాది. దిగలేని చిన్నవి చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి, నేను చూసినా. మన కుంటకు లోతు యాడుండాది? బోరు నీళ్లు వెచ్చగా ఉండాయి. కరెంటు రానీ, నీ పక్కకు పైపు వేస్తా."

సరే అంటే పోయేది. కానీ ఎర్రిస్వామి నోరు ఊరుకుంటుందా?

"నీ నీళ్లతో బతికే చేపలు నాకొద్దు, పో!"

షావలి ఎడమ చెయ్యి రుద్దుకుంటూనే కట్ట దిగిపోయాడు.

ఆ పంతంతోనే ఎర్రిస్వామి మొపెడ్ వేసుకుని నీళ్ల ట్యాంకరు కోసం మడకశిరంతా తిరిగాడు. ఒకడు రేపు చూద్దామన్నాడు. ఇంకొకడు, "చేపలకు వేన్నీళ్లా స్వామీ?" అని పగలబడి నవ్వాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. తెల్లటి పొట్టలు తేలుంటాయనుకుంటూ కుంట దగ్గరికి వచ్చాడు.

చేపలు బతికే ఉన్నాయి! ఓ మూలన గుంపుగా చేరి తోకలు ఆడిస్తున్నాయి. అక్కడ పైపులోంచి నీళ్లు దూకుతున్నాయి, సన్నగా ఆవిరి లేస్తోంది. వద్దన్నా వేసినాడే! ఎర్రిస్వామికి ముందు కోపమే వచ్చింది. అంతలో కట్టమీద కూర్చున్న భార్య అంజనమ్మ లేచి ఎదురొచ్చింది.

"యాడికి పోయినావు? షావలి పోయినాడు."

"యాడికి?"

"పైపు చాల్లేదని ఇంకో ముక్క అతికిస్తా అతికిస్తా ఈడనే కూలబడినాడు. నేనొచ్చేతలికే అయిపోయినాది. ఇంటికి మోసుకపోయినారు."

ఎర్రిస్వామి ఉన్నచోటే చతికిలబడ్డాడు. ఏడుపు రాలేదు. పాడు బుద్ధి, అప్పుడు కూడా అసూయే పుట్టింది.

"పోతా పోతా కూడా పైచెయ్యి నీదే గదప్పా!" అన్నాడు. అన్నాక, అంజనమ్మ పట్టుకున్నా ఆగకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.

పైపు అతుకు దగ్గర నీళ్లు చిమ్మకుండా షావలి తన గళ్ల తుండుగుడ్డ చుట్టి బిగించి పోయాడు; దాని ముడిలోంచి వెచ్చటి నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.