నాడె ముద్దు

లీయా దగ్గింది. నోటికి ఆనించుకున్న మగ్గం నాడె మీద ఎర్రటి చుక్క పడింది. మేస్త్రీ ఎనాక్ ఆమెను జబ్బ పట్టుకుని గేటు బయటికి పంపేసి వచ్చాడు. ఆ నాడెను తన చొక్కాకు ఒక్క రుద్దు రుద్ది, పక్క మగ్గాల సెలీనా చేతిలో పెట్టాడు.

"దాని మగ్గాలు కూడా ఇవాళ నువ్వే చూస్కోవే. కానీ."

ఏం కానివ్వాలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల నేతగత్తెలకు చెప్పక్కర్లేదు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారపు కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, నాడె కంతకు పెదవులు ఆనించి దారం కొసను బయటికి పీల్చాలి. దూదిపొడీ, గంజీ, ముందు పీల్చినవాళ్ల ఎంగిలీ కలిసి గొంతులోకి పోతాయి. దానికి 'నాడె ముద్దు' అని పేరు. ముప్పై ఏళ్లకే పళ్లూడిన ఆడవాళ్లకు మిల్లు పెట్టే ముద్దు. చేత్తో దారం ఎక్కించే నాడెలు లేకపోలేదు. కొనాలంటే మిల్లు యజమాని విట్‌హామ్ దొరకు ప్రాణం పోతుంది. లీయాది పోతే ఫర్వాలేదు.

ఈ పీల్చుడును చట్టంతో ఆపాలా వద్దా తేల్చమని ప్రభుత్వం పంపిన పెద్దమనిషి ఆ పూటే పట్టు టోపీతో షెడ్డులోకి దిగబడ్డాడు. మగ్గాల మోతలో దొరా, ఆయనా ఒకరి చెవిలో ఒకరు అరుచుకున్నారు. ఎవరికీ వినపడదని ధీమా. ఆ మోతలో పెరిగిన ఆడవాళ్లకు చెవులతో పనేముంది? పెదవులు కదిలితే చాలు. మొగుళ్ల మీద చాడీలన్నీ షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు అలాగే నడుస్తాయి.

"ప్రభుత్వం నాడెలో వేలు పెడితే పరిశ్రమ మట్టికొట్టుకుపోతుందండీ! రేపు నేను టీ ఎలా తాగాలో కూడా చట్టం చేస్తారా?" అన్నాయి దొర పెదవులు.

"మరి జబ్బు?"

"వాళ్ల ఇళ్ల మురికిది. నాడె పసిపిల్ల నోట్లో పెట్టినా ఏమీ కాదు."

పెద్దమనిషి తలూపాడు. తలూపడానికే ఆయనకు జీతం.

సెలీనా చేతిలోకి చూసుకుంది. కంత చుట్టూ ఎరుపు ఇంకా పోలేదు. పీల్చకపోతే రేపు ఇంట్లో పొయ్యి వెలగదు. పీలిస్తే లీయా వెనకే. తలెత్తి ఎదుటి వరసకు పెదవులు కదిపింది: "ఆపేద్దాం."

మాట చప్పుడు లేకుండా వరసలు దాటింది. మూల నుంచి ముసలి మార్జరీ మూతి విరిచింది: "ఆపి తినేదేంటే, నీ మొహమా?"

"రోజూ తింటున్నది లీయా రక్తమేగా అత్తా."

మార్జరీ అందరికంటే ముందు తన మగ్గాన్నే ఆపింది. ఆ పక్కది ఆగింది. ఆ వెనక వరస ఆగింది. దొర మాత్రం ఇంకా అరుస్తూనే ఉన్నాడు:

"ఒకతి పోతే గేటు దగ్గర పదిమంది!"

మోత ఆగిన షెడ్డంతా ఆ అరుపొక్కటే మోగింది.

సెలీనా నడిచొచ్చి నాడె చాపింది. "పీల్చండి దొరా. పసిపిల్లకు కూడా ఏమీ కాదన్నారుగా."

"నీకెలా వినపడిం..." దొర వెనక్కి జరిగాడు. నాడెను ముట్టనైనా ముట్టకుండా రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"పోనీ టోపీ అయ్యగారికివ్వవే," అంది మార్జరీ. "చట్టం ఆయన నోట్లోంచేగా రావాలి!"

షెడ్డు గొల్లుమంది. పెద్దమనిషికి రైలు టైము గుర్తొచ్చింది. దొరకు పోలీసులు గుర్తొచ్చారు.

పోలీసులు వచ్చేసరికి ఆడవాళ్లంతా ఎవరి నాడె వాళ్లు పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"మొదట ఆపమన్నది ఎవతే?" అని గద్దించాడు పోలీసు.

చప్పుడు లేకుండా పెదవులు, అన్నీ ఒక్కసారే, కదిలాయి.

"ఏమంటున్నారయ్యా వీళ్లు?" పోలీసు ఎనాక్ వైపు తిరిగాడు.

ఎనాక్ తల్లి కూడా ఈ షెడ్డులోనే పళ్లూడగొట్టుకుంది. పెదవులు చదవడం వాడికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. చొక్కా మీది ఎర్రటి మరక వైపు చూసుకుంటూ గొణిగాడు:

"ఎవరికి వాళ్లు 'నేనే' అంటున్నారండీ. అందరూనూ."