వాన మేడమ్ లెక్క

వాన మొదలైతే క్యాంపస్‌లో అందరూ లోపలికి పరుగెత్తేవారు, ఆమె మాత్రం డాబా మీదికి పరుగెత్తేది. అందుకే విద్యార్థులు ఆమెకు వాన మేడమ్ అని పేరు పెట్టారు. ఆమె తండ్రి టెలిఫోన్ లైన్‌మన్. చినుకు పడగానే లైన్లు గరగరమనడం, ఆయన తడుస్తూ స్తంభాలెక్కడం చూసి పెరిగింది. పెద్దయ్యాక వాన సిగ్నల్‌ను ఎంత తింటుందో కొలవడమే పనిగా పెట్టుకుంది.

కాలేజీ డాబా మీద ఒక యాంటెన్నా, ఆరు కిలోమీటర్ల అవతల నీళ్ల ట్యాంకు మీద ఇంకొకటి. ఆ రెంటి మధ్య పదకొండేళ్లు కొలిచి ఒక సూత్రం తయారుచేసింది. టవర్లు ఎంతెంత దూరంలో కట్టాలో తేల్చడానికి ఇంజనీర్లు దాన్నే నమ్ముకున్నారు. ఆమె పరిశోధన కేంద్రానికి డైరెక్టరైంది. యాభై మూడో ఏట వైస్ ఛాన్సలర్ పదవికి ముగ్గురి పేర్లు వెళ్తే అందులో ఆమెది మొదటిది.

ఇంటర్వ్యూకు రెండు వారాలుందనగా, ఎండ మాడ్చేస్తున్న ఒక ఉదయం ల్యాబ్ టెక్నీషియన్ ఆమె గదికి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ యాంటెన్నాను చూసుకుంటున్న మనిషి.

"దుమ్ము పట్టిందని యాంటెన్నా మూత పైపుతో కడిగానండి. సిగ్నల్ పడిపోయింది. ఆరాక మళ్లీ లేచింది. పైన చూస్తే మబ్బు కూడా లేదు మేడమ్."

ఆమె చేతిలో కాగితాలు చేతిలోనే ఉండగా మెట్లెక్కింది. మళ్లీ పోయమంది. నాలుగుసార్లు పోయించింది, నాలుగుసార్లూ తెర మీద గీత కిందికి జారింది. మూత మీద నిలిచిన పల్చటి నీటిపొరే కొంత సిగ్నల్‌ను మింగేస్తోంది. ఇన్నేళ్లూ ఆ నింద కూడా దారిలో కురిసిన వాన మీదే వేసింది తను. అక్కడే పిట్టగోడ మీద కాగితాలు పరిచి, ఆ నాలుగు అంకెలూ రాసుకుంది. టెక్నీషియన్ పైపు కట్టేసి, తనే తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు.

ఆ సూత్రంలో పాలు పంచుకున్న ప్రొఫెసర్ ఆమె పాత శిష్యుడే. విషయం వినగానే తలుపు దగ్గరికి వేశాడు. రెండు వారాలు ఆగితే కొంపలేం మునిగిపోవని, పదవి చేతికొచ్చాక తీరిగ్గా సరిదిద్దుకోవచ్చని బతిమాలాడు.

"నిన్నటిదాకా అది పొరపాటు నాయనా," అంది ఆమె. "ఇవాళ్టి నుంచి దాస్తే అబద్ధం."

ఆ సాయంత్రమే, సూత్రాన్ని అచ్చువేసిన పరిశోధన పత్రికకు తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది. సూత్రాన్ని వాడుతున్న ఇంజనీర్లందరికీ కబురు పంపింది. ఇంటర్వ్యూలో ఎవరూ అడగకముందే తనే చెప్పింది. పదవి ఇంకొకరికి వెళ్లింది.

"పోనీలే, ఇకనైనా ఇంటిపట్టున ఉంటావనుకున్నా," అన్నాడు భర్త, ఆమె మళ్లీ రెయిన్‌కోటు వెతుక్కుంటుంటే. కోటు ఎక్కడుందో చూపించింది కూడా ఆయనే.

ఈసారి డాబా మీద రెండు యాంటెన్నాలు పెట్టింది. ఒకటి వానకు తడిసేది, ఒకటి రేకుల పందిరి కింద మూత తడవకుండా ఉండేది. మూడు వానాకాలాలు కొలిచింది. కొత్త సూత్రం పాతదానికంటే చిన్నది, మరింత కచ్చితమైనది. టవర్లు ఇంకాస్త దూరదూరంగా కట్టుకోవచ్చని తేలింది. వ్యాసం మీద టెక్నీషియన్ పేరు కూడా వేసింది. ఆయన డిగ్రీ ఏమిటని పత్రికవాళ్లు అడిగితే, మేం చూడనిది ఆయన చూశారని జవాబు రాసింది. అచ్చయిన పేజీని ఆయన చొక్కా జేబులో నలిగిపోయేదాకా మోశాడు.

మరుసటి ఏడు పదవి ఖాళీ అయింది. అప్పట్లో ఇంటర్వ్యూ చేసిన కమిటీ పెద్దాయనే స్వయంగా ఫోన్ చేశారు. అప్పుడు ఆమెను తీసుకోవడానికి భయపడ్డామని, ఆ భయం తమదే తప్ప ఆమె లోపం కాదని ఒప్పుకున్నారు.

వైస్ ఛాన్సలరయ్యాక మొదటి నెలలోనే ఒక పరిశోధక విద్యార్థిని చేతిలో కాగితంతో వచ్చింది. నిరుడు తనిచ్చిన ఫలితాల్లో తప్పు దొర్లిందని చెప్పింది. వాన మేడమ్ కుర్చీ తన పక్కకు లాగింది.

"కూర్చో తల్లీ. ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం, ఆ కాగితం ఇలా ఇవ్వు."