అడుగు లేని ముంత

మా ఆయన గెంజో మొండిమనిషి. వద్దన్న పని చేస్తేగానీ ఆయనకి తిన్నది అరగదు. బోన్ పండగకి ఇళ్లకొచ్చిన చచ్చిపోయినవాళ్లని గడ్డిపడవల్లో దీపాలు పెట్టి సాగనంపిన మర్నాడు, మా రేవులో ఎవరూ సముద్రం మీదికి పోరు. వాళ్లింకా దారిలోనే ఉంటారని భయం. పడవలన్నీ ఒడ్డున బోర్లించి, సామానంతా కొట్లో పెట్టేస్తాం. సరిగ్గా ఆ రోజునే, చేపల గుంపు ఒడ్డుకి దగ్గరగా వచ్చిందని ఈయన పడవ దింపాడు.

"నిన్నంతా కడుపునిండా పెట్టాం కదే. ఇవాళ కూడా నా వెంటపడతారా ఏం?" అని నా మీదే విసుక్కున్నాడు.

ఆయన వెళ్లిన కాసేపటికి చల్లగాలి మొదలై, సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చింది. పక్కింట్లోనే ఉంటుంది మా ఆడపడుచు ఓతానె. పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యని ఎలా పోనిచ్చావు వదినా?"

"నేను పోనిచ్చేదేమిటి? పుట్టినప్పట్నించీ చూస్తున్నావు, నీ మాట ఎప్పుడైనా విన్నాడా?"

ఓతానెకి అన్నయ్యంటే ప్రాణం. వెంటనే మొగుడు మతసుకేని లేపి, వెళ్లి పిలుచుకు రమ్మంది. మతసుకే తల్లీ తండ్రీ లేని పిల్లాడు. మా ఆయనే చేరదీసి, తెడ్డు పట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పి, చెల్లెల్నిచ్చాడు. బావ మాటంటే అతనికి వేదం. తలకి గుడ్డ చుట్టుకుంటూనే బయల్దేరాడు.

పొద్దెక్కాక మా ఆయన బుట్టనిండా చేపలతో వచ్చాడు. మతసుకే పడవ లాగుతూ వెనకే ఉన్నాడనుకుని నేను జావ పోసి పెట్టాను. ఈయన మంచి హుషారుగా ఉన్నాడు.

"ఇవాళ నన్ను పట్టుకున్నారే. ఏమీ కనపడని మంచులో, పక్కనే గొంతు. ముంత ఇవ్వు, ముంత ఇవ్వు అని."

మా రేవులో చంటిపిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. సముద్రంలో పోయినవాళ్లు పడవ పక్కకొచ్చి, నీళ్లు తోడే ముంత అడుగుతారు. ఇచ్చామా, దాంతోనే మన పడవలోకి నీళ్లు పోసి ముంచేస్తారు. అందుకే ప్రతి పడవలోనూ మంచి ముంతతోపాటు అడుగు ఊడగొట్టిన ముంత ఒకటి ఉంటుంది. అది విసిరేసి, పలక్కుండా వచ్చెయ్యాలి. పలికితే మనం ఎక్కడున్నామో వాళ్లకి తెలిసిపోతుంది.

"ఎంత తెలివిమీరిపోయారో చూడు. అచ్చం మన మతసుకే గొంతే. బావా, నేనే, పడవ మునిగిపోతోంది, ముంత ఇవ్వు అని ఒకటే ఏడుపు. వాడు ఇంట్లో గురక పెడుతుంటాడని నాకు తెలీదూ? అడుగు లేనిదాన్ని విసిరేసి వచ్చేశా." జావ జుర్రుకుంటూ నవ్వాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "మతసుకే ఇంట్లో లేడయ్యా. నిన్ను పిలుచుకురావడానికే వచ్చాడు."

గుమ్మంలో ఓతానె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా వింది. వాళ్ల కొట్లోకి వెళ్లి, గోడకి వేలాడుతున్న మతసుకే ముంత పట్టుకొచ్చింది. తొందరలో మర్చిపోయి వెళ్లాడు. ఎండకి ఎండి చెక్కలు విచ్చిన పడవలోకి నీళ్లు రాకుండా ఉంటాయా?

ఆ క్షణం నా మొగుణ్ణి నా చేతుల్తో చంపాలనిపించింది. కానీ ఆయన అప్పటికే గిన్నె పారేసి రేవుకి పరిగెత్తాడు. వెనకాలే మేమిద్దరం. మా దగ్గర ఆడది పడవెక్కదు. ఆ రోజు ఎక్కితే ఎవరూ కాదనలేదు.

మంచులో మా చేతులు మాకే కనపడటం లేదు. "మతసుకే, నేనేరా, మీ బావని" అని ఆయన గొంతు చించుకున్నాడు. ఓతానె కూడా పిలిచింది, రా ఇంటికి పోదాం అని బతిమాలింది. ఒకచోట, బాగా దగ్గర్లో, చెక్క చెక్కకి తగిలిన చప్పుడైంది. ఆగాం. మా ఆయన అటు తిరిగి పిలిచాడు. ఓతానె పిలిచింది. జవాబు లేదు.

"కొట్టుకొచ్చిన దుంగ. మనిషైతే పలకడా?" అని ఆయన పడవ తిప్పాడు. చీకటిపడేదాకా వెతికాం.

మర్నాడు మంచు విడిచాక పడవ కనిపించింది, మేం ఆగిన చోటికి కాస్త ఇవతలే. అంచులదాకా నీళ్లు. మతసుకే తాడుతో నడుం పడవకి కట్టేసుకుని, చలికి కొయ్యబారిపోయి ఉన్నాడు. చేతిలో ఆ అడుగు లేని ముంత. బట్ట చింపి దానికి అడుగు కట్టుకుని, ఓపిక ఉన్నంతసేపూ తోడుకున్నాడు పాపం. తలగుడ్డ మడిచి నోట్లో కుక్కుకుని, మెడ వెనక ముడేసుకున్నాడు.

మా మొగవాళ్లు అలా ఎందుకు కట్టుకుంటారో మాకు తెలుసు. భయానికి నోరు జారి పలుకుతామేమోనని.

ఒడ్డున పడుకోబెట్టాక మా ఆయన చెల్లెలి పక్కన కూలబడ్డాడు. "పక్కనుంచే వెళ్లాం కదే. నా పిలుపు వాడికి వినపడలేదంటావా?"

"వినపడింది అన్నయ్యా. ముంత విసిరేసి పోయినవాడు మళ్లీ వచ్చి ప్రేమగా పిలిస్తే ఏమనుకుంటాడు? పైగా సముద్రం మీద పెళ్లాం గొంతు. నువ్వు నేర్పినట్టే చేశాడు."

ఆయన మొహం ఇసకలో పెట్టుకున్నాడు. నేను ఓదార్చలేదు. మతసుకే మెడ వెనక ముడి తడిసి బిగుసుకుపోయింది, వేళ్లతో రాలేదు. ఓతానె వంగి పళ్లతో విప్పింది.