కోట గోడ మీద పేర్లు

సెలవు వచ్చిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేసే గుమస్తా తెల్లవారకముందే లేచి, సంచి సర్ది, నీళ్ళ సీసా నింపి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. "ఇంకా కాలేదా? బస్సేమన్నా మన చుట్టమా, ఆగడానికి?" అని లోపలికి కేకేసేవాడు. పెళ్ళయినప్పటినుంచీ భార్యాభర్తలిద్దరూ చూడని కోట లేదు, ఎక్కని బురుజు లేదు. కూలిపోయిన స్నానాల గదులూ, రాజులు ఒక్క పూటా ఉండని రాజమహళ్ళూ, ఎవరివో తెలియని సమాధులూ అన్నీ అయిపోయాయి. అతని కాళ్ళకి చక్రాలున్నాయని డిపోలో నవ్వుకునేవాళ్ళు. పాపం, వాళ్ళకేం తెలుసు! అతను ఇన్ని చూస్తూ తిరిగింది ఒక్క కోట చూడకుండా తప్పించుకోడానికి.

ఆ ఒక్కటీ పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ వెళ్ళిన కొండకోట. అక్కడి రాయి మెత్తన. దాని మీద పేరు చెక్కితే ఉన్నచోట ఉండదు, నడుస్తుంది. నత్తకన్నా నెమ్మదే గానీ నడక మానదు. ఎండాకాలం పేర్లన్నీ ఉత్తరం గోడ నీడకి చేరతాయి, వానాకాలం కమానుల కిందికి దూరతాయి. కొత్త దంపతులు పక్కపక్కన రెండు పేర్లు చెక్కి, కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చి ఎక్కడున్నాయో వెతుక్కుంటారు. కలిసి ఉంటే ఫొటో దిగుతారు. విడిపోయి ఉంటే దారి పొడుగునా ఒకరినొకరు దెప్పుకుంటూ ఇంటికి పోతారు.

వీళ్ళు వెళ్ళిన రోజు భార్య కింద మెట్ల దగ్గర కాపలా కాసింది. అతను తాళంచెవితో ముందు ఆమె పేరు చెక్కాడు. తన పేరు మొదలుపెట్టబోతుంటే కావలివాడి ఈల వినపడింది. అంతే, కాళ్ళకి బుద్ధి చెప్పాడు. "రెండూ రాశారా?" అని ఆమె అడిగితే, రొప్పుతూ "ఆఁ, రాశా" అనేశాడు. రేపో మాపో వచ్చి ఆ రెండోది కూడా గీసేస్తే సరిపోతుందనుకున్నాడు. రేపూ మాపూ అంటూ పదకొండేళ్ళు దొర్లిపోయాయి.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఇంట్లో మాత్రం ఆమెకి కాలు నిలిచేది కాదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరిగేది. మంచం ఏ గోడ పక్కన వేసినా వారం తిరక్కుండా ఇంకో గోడ పక్కకి జరిపేది. అద్దె ఇళ్ళు మార్చీ మార్చీ సామాను మోసే బండివాడు బంధువైపోయాడు.

"నాకేదో దొరకట్లేదండీ" అనేది.

"ఏం పోయింది?" అంటే చెప్పలేకపోయేది.

ఈలోగా దుకాణంవాళ్ళు దూరాన రేవు పట్నంలో కొత్త దుకాణం తెరుస్తూ, దాన్ని ఆమెనే నడపమన్నారు. గుమస్తా వింటూనే "కుదరదు" అన్నాడు. ఆమె వాదించలేదు. నాలుగు రోజులు ఆలోచించి ఒక్కటే మాట అంది.

"ఈ సెలవుకి కొండకోటకి పోదాం. రెండు పేర్లూ కలిసుంటే ఉద్యోగం ఊసెత్తను. నాది ఒంటరిగా ఉంటే మాత్రం ఒంటరిగానే పోతాను. సామాను సర్దుకునే వస్తా, అటునుంచి అటే."

గుమస్తాకి సరేననక తప్పలేదు.

దారిలో ఎన్ని వంకలు పెట్టాడో! గడియార స్తంభం దగ్గర బస్సు దిగిపోదామన్నాడు. మ్యూజియంలో తుప్పు పట్టిన కత్తుల ముందు కత్తులు కొనడానికి వచ్చినవాడిలా నిలబడిపోయాడు. ఆమె బరువైన సంచి భుజానేసుకుని గుమ్మంలోనే ఉంది.

"ఊళ్ళోవాళ్ళ పాతవన్నీ చూశాం. ఇంక మన పాతది చూద్దాం, పదండి."

కొండ కిందికి చేరగానే అతనికో ఉపాయం తట్టింది. "నువ్వు నెమ్మదిగా రా, నేను ముందెళ్ళి వెతికి పెడతా" అని రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తాడు. పొట్ట ముందూ, తను వెనకా. పైన కావలివాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుమస్తా ఆయాసపడుతూ భార్య పేరు చెప్పాడు.

"ఆవిడా! ఆవిడ తెలియందెవరికి బాబూ?" అన్నాడు కావలివాడు. "మిగతావన్నీ నీడ చూసుకుని పడుకుంటాయి. ఇది బురుజులన్నీ ఎక్కింది, బావి గోడ దిగింది, ఫిరంగి దిమ్మ చుట్టూ తిరిగింది. ఎవర్నో వెతుక్కుంటోందని మాకే జాలేసేది. ఈమధ్య వెతకడం మానేసింది. గుమ్మం దగ్గరుంది చూడండి, బయటికి పోయేలా ఉంది."

ద్వారం పక్క రాతి మీద కనపడింది. తన చేత్తో చెక్కిన అక్షరాలే. నడిచీ నడిచీ అంచులు అరిగి నున్నబడిపోయాయి. గుమస్తాకి ఏడుపొచ్చింది. మంచం ఆ గోడకీ ఈ గోడకీ ఎందుకు జరిగేదో అప్పుడర్థమైంది. అర్థమైనవాడు ఊరుకోవచ్చుగా? తాళంచెవి తీసి, దాని పక్కనే తన పేరు గబగబా చెక్కడం మొదలుపెట్టాడు. మనిషి బుద్ధి! చివరి అక్షరం సగంలో ఉండగా గోడ మీద నీడ పడింది.

అద్దం మీద గీత పాతదో కొత్తదో చూడగానే పోల్చే మనిషి ఆమె. రాతిని చూసింది, అతని వేళ్ళకంటిన తెల్లపొడిని చూసింది.

"ఇప్పుడా రాయడం?"

"ఆ రోజు కావలివాడు ఈల వేశాడు. పారిపోయాను. తర్వాత చెప్పడానికి భయమేసింది."

"నా కాళ్ళల్లో ఏదో జబ్బుందనుకున్నానండీ" అంది ఆమె. "ఎంతమంది డాక్టర్లకి చూపించుకున్నాను! మీరు పక్కనే కూర్చుని మందుల చీటీలు పట్టుకున్నారు. నాకు పిచ్చేమోనని భయపడి చచ్చాను."

అంతలో ఆమె పేరు గడప రాయి దాటి, కొండ దిగే మెట్టు మీదికి జారింది. దిగుతున్న కుటుంబం ఒకటి దాన్ని తొక్కకుండా పక్కకి తప్పుకుని వెళ్ళింది. ఆమె సంచి భుజానికెత్తుకుంది.

"అన్న మాట ప్రకారం వెళ్తున్నాను."

గుమస్తా అక్కడే చతికిలబడ్డాడు. వెనకాల ఖాళీ ఇల్లు, డిపో, గోడ నిండా తను వేసిన టైంటేబుళ్ళు. అవే కళ్ళ ముందు మెదిలాయి.

"బాబూ, మీది కూడా బయల్దేరింది" అన్నాడు కావలివాడు.

కొత్తగా చెక్కినవి వడిగా నడుస్తాయి, ఇంకా అరగలేదుగా. అతని పేరు అప్పుడే గడప దిగుతోంది. చివరి అక్షరం సగమే పడటంతో కుంటుకుంటూ, పడుతూ లేస్తూ ఆమె పేరు వెనకాలే పోతోంది. గుమస్తా దాన్నే చూస్తూ లేచాడు. తర్వాత మెట్ల మీద పడి పరుగెత్తాడు.

కింద రేవు పట్నం బస్సు కదులుతోంది. వేలాడుతూ ఎక్కాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది, పక్క సీట్లో సంచి.

"ఎక్కడికి?" అంది తల తిప్పకుండా.

"నువ్వెక్కడికైతే అక్కడికి. ఇది ఎన్నింటికి చేరుతుందో కూడా చూసుకోలేదు."

ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. అతను కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కొండ మలుపులో బస్సు ఒక్క ఊపు ఊగింది. ఆమె సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చోండి, పడతారు."